‘ఏపీ స్ట్రెయిన్’ అని భయపెట్టారు కదా, అది చివరికి ఏమైంది?

సీతమ్మధార_శంకర్:
అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. మొన్న మ్యుటేషన్ల పాఠం నడుస్తుంటే ఒక కుర్రాడు లేచి, "సార్, కరోనాలో ఏపీ స్ట్రెయిన్ అని ఒకటి వచ్చింది కదా, అది నిజంగా మన దగ్గరే పుట్టిందా? ఇప్పుడెక్కడుంది?" అని అడిగాడు. రేపు చెప్తానని కూర్చోబెట్టాను.

2021 మే మొదటి వారం గుర్తుందా? ఏ టీవీ పెట్టినా ఎన్440కె. కర్నూలులో బయటపడింది, విశాఖలో విజృంభిస్తోంది, మామూలు కరోనా కన్నా 15 రెట్లు ప్రమాదకరం అని ఒకటే మోత. మే 6న ఢిల్లీ ప్రభుత్వం ఏపీ, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లు 14 రోజులు క్వారంటైన్ కేంద్రంలో ఉండాలని ఉత్తర్వు కూడా ఇచ్చింది. రెండు డోసులు వేసుకున్నవాళ్లకీ, నెగెటివ్ రిపోర్టు ఉన్నవాళ్లకీ ఏడు రోజుల హోమ్ క్వారంటైన్. ఆ తర్వాత దాని ఊసెత్తినవాడు లేడు. తెలిసినవాళ్లు చెప్పండి. పిల్లాడికి సమాధానం చెప్పాలి, నాకూ తెలుసుకోవాలని ఉంది.

సందేహాల_సుబ్బారావు:
ఏముంది మాస్టారూ, ఎక్కడా లేదు. ఉంటే కదా కనబడటానికి! నాలుగు రోజులకో పేరు పెట్టి జనాన్ని భయపెట్టడం. డబుల్ మ్యుటెంట్ అన్నారు, డెల్టా అన్నారు, ఒమిక్రాన్ అన్నారు, తర్వాత కారు నంబరు ప్లేట్లలాంటి పేర్లు. ఎవడు చూశాడు వాటిని?

పైపెట్_పంతులు:
సుబ్బారావు గారూ, నేను చూశాను. అదే నా ఉద్యోగం. 2020 నుంచి రెండేళ్లకు పైగా సీక్వెన్సింగ్ పని, అంటే వైరస్ జన్యు అక్షరాలను చదివే పని చేశాను. ఏ ల్యాబు అనేది వదిలేయండి.

శంకర్ గారూ, ముందు ఆ పేరు సంగతి. ఎన్440కె అనేది వైరస్ పేరు కాదు. వైరస్ మీద ఉండే స్పైక్ ప్రోటీన్‌లో 440వ స్థానంలో ఉండాల్సిన ఆస్పరాజిన్ పోయి లైసిన్ వచ్చింది, అంతే. ఆస్పరాజిన్‌కు గుర్తు ఎన్, లైసిన్‌కు కె. అది ఒక్క మార్పు. ఆ మార్పు ఉన్న వైరస్‌లు మన దక్షిణాదిలో 2020లో కనిపించింది నిజమే. వాటిలో ఎక్కువ భాగం బి.1.36 అనే శాఖకు చెందినవి. ల్యాబులో పెంచిన కణాల్లో ఈ రకం పాతవాటి కన్నా ఎక్కువ వైరస్‌ను తయారు చేస్తోందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి ఒక ప్రిప్రింట్ కూడా వచ్చింది. ప్రిప్రింట్ అంటే ఇంకా తోటి శాస్త్రవేత్తలు తనిఖీ చేయని పత్రం. ఆ కణాల సంగతి టీవీ స్టూడియోకు చేరేసరికి మనుషుల సంగతైపోయింది. డిష్‌లో ఎక్కువగా పెరిగిన వైరస్ ఊళ్లో ఎక్కువగా వ్యాపిస్తుందని గానీ, ఎక్కువ మందిని చంపుతుందని గానీ రూలేం లేదు.

అసలు విడ్డూరం ఏంటంటే, ఢిల్లీ ఉత్తర్వు వచ్చిన రోజుకే ఎన్440కె తగ్గుముఖం పట్టింది. దాని స్థానంలోకి బి.1.617 (డెల్టా ఈ గుంపులోదే) దూసుకొచ్చేసింది. సీసీఎంబీ శాస్త్రవేత్తలు అదే రోజుల్లో బహిరంగంగా ఆ మాట చెప్పారు. ఆ బి.1.617 మొదట దొరికింది మహారాష్ట్రలో, 2020 అక్టోబరు నాటి నమూనాల్లో. మే నాటికి ఢిల్లీలో మంటపెట్టిందీ అదే. మనవాళ్లను మాత్రం క్వారంటైన్‌కు పంపారు.

సీతమ్మధార_శంకర్:
ఓహో. అయితే అది అంతరించిపోయిందన్నమాట.

పైపెట్_పంతులు:
ఆ శాఖ అంతరించింది. ఆ మార్పు మాత్రం అంతరించలేదు. 2021 చివర్లో ఒమిక్రాన్ వచ్చింది చూశారూ, దాని స్పైక్‌లో 30కి పైగా మార్పులున్నాయి. వాటిలో ఎన్440కె ఒకటి. ఒమిక్రాన్ ఉపశాఖలైన బీఏ.1లోనూ ఉంది, బీఏ.2లోనూ ఉంది. అంటే 2022 మొదట్లో మనలో ఎవరికి జలుబూ జ్వరమూ వచ్చి పాజిటివ్ అని తేలినా, దాదాపుగా ఆ ‘ఏపీ’ మార్పు మోసుకు తిరిగినట్టే.

సందేహాల_సుబ్బారావు:
అంటే మన కర్నూలు సరుకే దక్షిణాఫ్రికా వెళ్లి, చదువుకుని, ఒమిక్రాన్ అని పేరు మార్చుకుని తిరిగొచ్చిందంటారు. 😀

పైపెట్_పంతులు:
హహ, అలా కాదు. ఇక్కడే వంశవృక్షం అవసరం పడుతుంది.

ఈ వైరస్ జీనోమ్‌లో, అంటే దాని మొత్తం జన్యు సమాచారంలో, సుమారు 29,900 అక్షరాలు. మనిషిలోకి వెళ్లాక అది తన కాపీలు తీసుకుంటుంది. హాస్టల్లో ఒకడి నోట్సు చూసి ఇంకొకడు, వాడిది చూసి మరొకడు చేత్తో రాసుకుంటారు కదా. ఒకడు ఎక్కడో తప్పు రాస్తే, వాడి నుంచి ఎక్కించుకున్న వాళ్లందరి నోట్సులోనూ ఆ తప్పు ఉంటుంది. పరీక్ష పేపర్లు దిద్దేవాడు తప్పుల్ని బట్టి ఎవరు ఏ బ్యాచో చెప్పగలడు. జీనోములతో చేసేదీ అదే. కరోనాకు తప్పులు దిద్దుకునే ఎంజైమ్ ఒకటి ఉంది కాబట్టి ఫ్లూ వైరస్ కన్నా నిదానంగా మారుతుంది. ఒక్కో వంశంలో నెలకు సుమారు రెండు మార్పులు నిలబడతాయి.

ఒమిక్రాన్‌ను బి.1.36తో పక్కపక్కన పెట్టి చూస్తే 440 దగ్గర మార్పు ఒకటే, మిగతావి చాలావరకు వేరు. రెండూ వేర్వేరు కొమ్మలు. 440వ స్థానం యాంటీబాడీలు వచ్చి పట్టుకునే చోటుకు దగ్గర్లో ఉంది. అక్కడ మారితే వైరస్‌కు కొంత వెసులుబాటు. అందుకే సంబంధం లేని కొమ్మల్లో అదే మార్పు విడివిడిగా పుట్టుకొస్తుంది. పరిణామం చెప్పేటప్పుడు మీరు పిల్లలకు అభిసారి పరిణామం అని చెప్తారు కదా శంకర్ గారూ, గబ్బిలం రెక్క, పక్షి రెక్క. దానికి ఇంత తాజా ఉదాహరణ దొరకదు.

కోఠి_వైష్ణవి:
సార్, నేను ఎమ్మెస్సీ బయోఇన్ఫర్మాటిక్స్ చేస్తున్నా. ఏపీ స్ట్రెయిన్ కన్నా ముందు హైదరాబాద్‌కు ఇంకో కథ ఉంది, ఎవరికీ గుర్తు లేనట్టుంది.

మన దేశంలో మొదటి కేసు 2020 జనవరి 30, కేరళ త్రిస్సూర్‌లో, వుహాన్ నుంచి వచ్చిన స్టూడెంట్. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఎన్ఐవీ ఆ కేరళ కేసుల జీనోములు చదివింది. కానీ మన దగ్గర వ్యాపించింది వాటి సంతానం కాదు, ఆ కేసులు అక్కడికక్కడే ఆగిపోయాయి. మార్చి 2న తెలంగాణలో బయటపడ్డ మొదటి కేసు దుబాయ్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. ఏపీలో మొదటిది నెల్లూరు, ఇటలీ నుంచి వచ్చిన స్టూడెంట్. అంటే వైరస్ మనకు ఒక్కసారి రాలేదు, చాలా దారుల్లో చాలాసార్లు వచ్చింది.

2020 జూన్ ప్రాంతంలో సీసీఎంబీ, మరికొన్ని సంస్థలు కలిసి అప్పటిదాకా ఉన్న భారతీయ జీనోములన్నీ తీసి చూస్తే, 41 శాతం ఒకే గుంపులో పడ్డయి. దానికి ఏ3ఐ అని పేరు పెట్టారు. తెలంగాణ, తమిళనాడు, మహారాష్ట్ర, ఢిల్లీలో ఎక్కువ. ఇప్పటి పద్ధతిలో దాని పేరు బి.6. ప్రపంచంలో మిగతాచోట్ల చాలా తక్కువ. అప్పుడు పేపర్లలో ‘భారత్‌కే ప్రత్యేకమైన వైరస్’ అని రాసినట్టు మా అన్న చెప్పిండు. ఇప్పుడు అది కూడా లేదు.

సందేహాల_సుబ్బారావు:
41 శాతం ఉన్నది ఎలా మాయమవుతుందమ్మా? అంత మందిలో ఉందంటే బలమైనదే అయ్యుండాలి కదా. పైగా సెకండ్ వేవ్‌లో డెల్టా శాతం పెరుగుతోంది కాబట్టి ప్రమాదకరం అన్నారు. శాతం పెరిగితే డెల్టాకు ప్రమాదం, బి.6కు కాదా? ఒక్కోచోట ఒక్కో న్యాయమా?

పైపెట్_పంతులు:
సుబ్బారావు గారూ, ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన అన్నింటికన్నా మంచి ప్రశ్న ఇది. వెటకారంగా అడిగినా సరే.

శాతం పెరగడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, అదృష్టం. మార్చి 2020లో నాలుగైదు రకాలు దేశంలోకి వచ్చాయనుకోండి. వాటిలో ఒకటి పెద్ద జనసమూహంలో పడింది. వెంటనే లాక్‌డౌన్ పెట్టి విమానాలు ఆపేశారు. బయటి నుంచి పోటీ రాలేదు. ఉన్నదే పెరిగింది. బి.6 కథ అదే. దానికి డి614జి అనే మార్పు లేదు, అంటే స్పైక్‌లో 614 దగ్గర ఆస్పార్టిక్ ఆమ్లం బదులు గ్లైసిన్ రావడం. ఆ మార్పు ఉన్న ఏ2ఏ రకం, యూరప్‌ను ఊపేసింది, మెల్లగా ఇక్కడా పాకింది. కొద్ది నెలల్లో బి.6ని తుడిచిపెట్టేసింది.

రెండోది, నిజంగానే వేగం ఉండటం. దీన్ని ఎలా పట్టుకుంటామంటే, వేర్వేరు చోట్ల, వేర్వేరు పరిస్థితుల్లో, వేర్వేరు పోటీదారుల మీద అదే రకం మళ్లీ మళ్లీ గెలుస్తోందా అని చూడాలి. 2021 మార్చిలో పంజాబ్ పంపిన 401 నమూనాల్లో 81 శాతం యూకే రకం, అదే ఆల్ఫా. అంటే అప్పటికే బాగా పాతుకుపోయిన, వేగం ఉన్న వైరస్. ఉత్తరాదిలో దాన్ని కూడా డెల్టా తోసేసింది. మహారాష్ట్రలో ఇంకో రకం మీద గెలిచింది. మన దగ్గర ఎన్440కె గుంపు మీద గెలిచింది. తర్వాత ఆల్ఫా సొంతగడ్డ మీదే ఆల్ఫాను ఓడించింది. ఒకచోట గెలిస్తే అదృష్టం అనొచ్చు, అన్నిచోట్లా గెలిస్తే అనలేం.

ఒక్క రాష్ట్రం శాతాలు చూసి ‘భయంకర వైరస్’ అని రాసేవాళ్లు ఈ రెండో పని చేయరు. ఎన్440కెతో జరిగింది సరిగ్గా అదే. నా కోపం అంతా అక్కడే.

రీడింగ్_రమణ:
ఇంగ్లండ్ నుంచి. ఆల్ఫాను ఇక్కడివాళ్లు పట్టుకున్న తీరు చెప్తాను, దానిలో కొంత కలిసొచ్చిన సంగతి కూడా ఉంది.

ఇక్కడ 2020 వసంతంలోనే విశ్వవిద్యాలయాలు, ప్రజారోగ్య సంస్థలు కలిసి సీక్వెన్సింగ్ కూటమి పెట్టుకున్నాయి, కాగ్-యూకే అని. మొదటి వేవ్ జీనోములు చూసి, వైరస్ బ్రిటన్‌లోకి వెయ్యికి పైగా వేర్వేరు సార్లు వచ్చిందని తేల్చారు, ఎక్కువగా స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీల నుంచి. 2020 డిసెంబరులో కెంట్ ప్రాంతంలో కేసులు ఎందుకు తగ్గట్లేదని వెతికితే బి.1.1.7, అంటే ఆల్ఫా, దొరికింది. వెనక్కి వెళ్లి చూస్తే సెప్టెంబరు నమూనాల్లోనే ఉంది. అంటే ఇన్ని ఏర్పాట్లున్న దేశంలో కూడా మూడు నెలలు పట్టింది.

కలిసొచ్చింది ఏంటంటే, ఇక్కడి పెద్ద ల్యాబుల్లో వాడిన పీసీఆర్ కిట్టు మూడు జన్యువులను వెతుకుతుంది. ఆల్ఫాలో స్పైక్‌లో రెండు అమైనో ఆమ్లాలు ఎగిరిపోయాయి, 69, 70. దాంతో ఎస్ (స్పైక్) జన్యువు ఫలితం మాత్రం రాదు, మిగతా రెండూ వస్తాయి. అలా సీక్వెన్సింగ్ అక్కర్లేకుండానే రోజూ ఆల్ఫా ఎంత పెరిగిందో లెక్కేశారు.

ఇక 2021 ఏప్రిల్ 23న ఇండియాను రెడ్ లిస్టులో, అంటే ప్రయాణ ఆంక్షల జాబితాలో, పెట్టేసరికి డెల్టా అప్పటికే ఇక్కడికి ఎన్నోసార్లు దిగిపోయింది. మా అమ్మానాన్నలు గుంటూరులో ఇరుక్కుపోయి ఉన్నారు, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

సందేహాల_సుబ్బారావు:
సరే, ఆ బి.1.617 నమూనా అక్టోబరులో తీస్తే మన ఆరోగ్యశాఖ ‘డబుల్ మ్యుటెంట్’ అని ప్రకటించింది 2021 మార్చి 24న. ఐదు నెలలు! ఆలోగా కుంభమేళాలు, ఎన్నికల సభలు. శాస్త్రవేత్తలు నిద్రపోతున్నారా? ప్రభుత్వం నోరు మూయించిందా?

మోడరేటర్:
సుబ్బారావు గారూ, ఎన్నికల సభల చర్చకు వేరే థ్రెడ్లు ఉన్నాయి, పదుల సంఖ్యలో. ఇక్కడ సీక్వెన్సింగ్ ఆలస్యం ఎందుకైందో అది మాట్లాడుకుందాం.

పైపెట్_పంతులు:
నిద్రపోలేదు. చేతిలో సరుకు లేదు.

2020 అంతా సీక్వెన్సింగ్ ఎవరి ఓపిక కొద్దీ వాళ్లు చేసినదే. దేశవ్యాప్త వ్యవస్థ, ఇన్సాకాగ్, పుట్టింది 2020 డిసెంబరు చివరి వారంలో. అదీ బ్రిటన్‌లో ఆల్ఫా గొడవ మొదలయ్యాక. మొదట పది ల్యాబులు. వాటిలో రెండు హైదరాబాద్‌లోనే, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ. మొదటి పని బ్రిటన్ నుంచి దిగిన పాజిటివ్ ప్రయాణికుల నమూనాలు చదవడం. విమానాశ్రయంలో వలేస్తే విమానంలో వచ్చినవే పడతాయి. విదర్భలో, అమరావతి జిల్లాలో (మన అమరావతి కాదు) ఫిబ్రవరిలో కేసులు ఎగబాకుతుంటే, ఆ నమూనాలు రాష్ట్రం నుంచి రావాలి, రావడానికి డబ్బు, మనుషులు, రవాణా కావాలి. పాజిటివ్‌లలో 5 శాతం చదవాలన్నది లక్ష్యం. 2021 వసంతానికి ఒక్క శాతం కూడా కాలేదు.

మీరన్న మార్చి 24 ప్రకటనే తీసుకోండి. రాష్ట్రాలు పంపిన 10,787 పాజిటివ్ నమూనాల్లో 771 ఆందోళనకరమైన రకాలు అన్నారు. అందులో 736 యూకే రకం, 34 దక్షిణాఫ్రికా రకం, 1 బ్రెజిల్ రకం. అంటే కొమ్ములు తిరిగినవిగా లెక్కలోకి వచ్చినవన్నీ విదేశీ పేర్లే. దేశాన్ని ముంచబోయేది మాత్రం ఆ 771లో లేదు, విడిగా ఒక పేరాలో ఉంది, ఈ484క్యూ, ఎల్452ఆర్ రెండూ కలిసి మహారాష్ట్ర నమూనాల్లో పెరుగుతున్నాయని. అది చదివితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పైగా ‘డబుల్ మ్యుటెంట్’ అని పిలవడం. దాంట్లో డజనుకు పైగా మార్పులున్నాయి. ఇంకా చిత్రం, అసలు డెల్టా అయిన బి.1.617.2లో ఆ రెండింటిలో ఈ484క్యూ లేనే లేదు. ఎల్452ఆర్, టీ478కె, పీ681ఆర్, ఇవీ దాని ఆయుధాలు. ఈ484క్యూ ఉన్నది దాని తోబుట్టువు బి.1.617.1, కప్పా. ఆ తోబుట్టువు వెనకబడిపోయింది.

ఇన్సాకాగ్ సలహా సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న షాహిద్ జమీల్ 2021 మేలో తప్పుకున్నారు. అంతకు మించి నేను మాట్లాడితే మోడరేటర్ గారు ఊరుకోరు.

గజపతినగరం_లక్ష్మి:
చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యాను, ఈ థ్రెడ్ చూసి ఉండబట్టలేక రాస్తున్నా. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పంతులు గారూ, ‘రాష్ట్రాలు నమూనాలు పంపాలి’ అని ఒక్క ముక్కలో రాసేశారు. ఆ పంపే వాళ్లం మేము.

స్వాబ్ తీసి, వైరస్ పాడవకుండా ఉంచే గులాబీ రంగు వీటీఎం ద్రవంలో ముంచి, పుల్ల విరిచి, మూత పెట్టి, పారాఫిల్మ్ చుట్టాలి. ఒక్కో ట్యూబ్ మీద ఎస్ఆర్ఎఫ్ ఐడీ (ఆ నమూనా గుర్తింపు నంబరు) రాయాలి. పీపీఈ కిట్టు లోపల చెమటతో చేతి గ్లవుజు జారిపోతుంటే 13 అంకెల నంబరు. అది ఐస్ ప్యాకుల మధ్య థర్మాకోల్ పెట్టెలో విశాఖ వెళ్లాలి. అక్కడ పీసీఆర్‌లో పాజిటివ్ వస్తే, అందులో సీటీ విలువ తక్కువ ఉన్నవే, అంటే వైరస్ ఎక్కువ ఉన్నవే, సీక్వెన్సింగ్‌కు పనికొస్తాయి. 25, 30 దాటితే వైరస్ చాలదంటారు. అప్పుడు వాటిని ఫ్రీజర్లోంచి వెతికి తీసి, మళ్లీ పెట్టె కట్టి, హైదరాబాద్ పంపాలి. ఫారంలో ఊరు, వయసు, టీకా వేసుకున్నారా, ప్రయాణం చేశారా. సెకండ్ వేవ్‌లో రోజుకు ఎన్ని వందల ట్యూబులో మీకు తెలుసు. ఆ హడావుడిలో ‘ప్రయాణం’ గడి ఎవరు నింపారు? సగం ఖాళీ. తర్వాత ఎవరో పెద్దాయన వచ్చి ‘డేటా నాణ్యత బాగాలేదు’ అన్నారు.

మా జిల్లా సంగతి ఒకటి. ఏపీలో మొదటి ఒమిక్రాన్ కేసు విజయనగరం జిల్లాలోదే. ఐర్లాండ్ నుంచి ముంబైలో దిగి విశాఖ వచ్చిన ప్రయాణికుడు. ముంబైలో నెగెటివ్, ఇక్కడ మళ్లీ చేస్తే పాజిటివ్. నమూనా సీసీఎంబీకి వెళ్లింది. ఒమిక్రాన్ అని ప్రకటించింది 2021 డిసెంబరు 12న. ముందు రోజు చేసిన టెస్టులో ఆయనకు నెగెటివ్ వచ్చేసింది! మనిషికి ఏ లక్షణమూ లేదు. ఊళ్లో మాత్రం గగ్గోలు. ఫలితం వచ్చేలోపు రోగం తగ్గిపోయే పరీక్ష ఎందుకు అని జనం మమ్మల్నే అడిగారు.

పైపెట్_పంతులు:
లక్ష్మి గారూ, నమస్కారం. మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ట్యూబు మాకు చేరేసరికి దాని వెనక ఎంతమంది చేతులున్నాయో మేం కూడా మర్చిపోతాం.

ఆ జనం ప్రశ్నకు జవాబు, ఈ పరీక్ష ఆ రోగి కోసం కాదు. ఆయనకు ఏ రకం వచ్చినా ఆ రోజుల్లో చేసే వైద్యం దాదాపు ఒకటే. ఊరి కోసం, రాష్ట్రం కోసం. ప్రయాణికుల్లో వస్తోందా, ప్రయాణమే చేయనివాళ్లలో కూడా వస్తోందా అన్నది చూడటానికి. బెంగళూరులో డిసెంబరు 2న బయటపడ్డ దేశపు మొదటి రెండు ఒమిక్రాన్ కేసుల్లో ఒకరు విదేశం నుంచి వచ్చినవారు. రెండో ఆయన స్థానిక డాక్టరు, ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. తలకాయ ఉన్నవాడికి ఆ రెండో కేసు చాలు, అప్పటికే లోపల తిరుగుతోందని అర్థం చేసుకోవడానికి.

కోఠి_వైష్ణవి:
సార్, ఒక డౌట్. జీనోములు చూసి ఎవరి నుంచి ఎవరికి సోకిందో చెప్పొచ్చా? మా హాస్టల్లో అప్పట్లో ఒకమ్మాయి వల్లే అందరికీ వచ్చిందని గొడవ పెట్టుకున్నరు.

పైపెట్_పంతులు:
చెప్పలేం. నెలకు రెండు మార్పులంటే రెండు వారాలకు ఒకటి. ఒకరి నుంచి ఇంకొకరికి పాకడానికి నాలుగైదు రోజులు చాలు. కాబట్టి వరుసగా ముగ్గురు నలుగురిలో ఒక్క అక్షరం తేడా కూడా లేని జీనోములు దొరుకుతాయి. ‘ఈమె నుంచి రాలేదు’ అని మాత్రం ఒక్కోసారి గట్టిగా చెప్పొచ్చు, ఇద్దరి మధ్య ఏడెనిమిది తేడాలు ఉంటే. ఆ అమ్మాయిని వదిలేయమనండి.

మీరు బయోఇన్ఫర్మాటిక్స్ అన్నారు కాబట్టి ఇంకో ముచ్చట. చాలా ల్యాబులు వాడిన ఆర్టిక్ పద్ధతిలో జీనోమ్ మొత్తాన్ని సుమారు 400 అక్షరాల ముక్కలుగా, ఒకదాని మీద ఒకటి కొద్దిగా పడేలా కాపీ చేస్తాం. ప్రైమర్లు, అంటే కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు, అతుక్కునే చోటే వైరస్ మారిపోతే ఆ ముక్క రాదు. డెల్టా వచ్చినప్పుడు 72వ ముక్క పోయింది. స్పైక్ మొదటి భాగంలో, 142వ స్థానం చుట్టుపక్కల, స్క్రీన్ మీద వరుసగా ఎన్, ఎన్, ఎన్ అని ఖాళీలు. కొన్ని ల్యాబుల సాఫ్ట్‌వేర్ పైప్‌లైన్లు ఆ ఖాళీలో పాత వుహాన్ అక్షరాలను నింపేశాయి. దాంతో జీ142డీ అనే మార్పు కొన్ని డెల్టాల్లో ఉన్నట్టు, కొన్నింటిలో లేనట్టు కనిపించింది. డెల్టాలో ఉపశాఖలున్నాయేమో అని తలలు బద్దలు కొట్టుకున్నారు. అక్కడ మారింది వైరస్ కాదు, మన ప్రైమర్లు పని చేయలేదంతే. 2021 మధ్యలో కొత్త ప్రైమర్ల సెట్టు వచ్చాక సర్దుకుంది.

సీతమ్మధార_శంకర్:
అద్భుతం. ఇవన్నీ పాఠ్యపుస్తకంలో ఎందుకుండవో! ఒకటే అడుగుతాను. ఇప్పుడు టెస్టులు చేయించుకునేవాడే లేడు కదా. మరి ఇప్పటి రకాలు ఎలా తెలుస్తున్నాయి?

గజపతినగరం_లక్ష్మి:
నిజమే మాస్టారూ. మా దగ్గర ఇప్పుడు నెలల తరబడి ఒక్క స్వాబ్ కూడా రాదు.

పైపెట్_పంతులు:
కొంత ఆస్పత్రుల్లో చేరే శ్వాసకోశ కేసుల నుంచి, కొంత మురుగునీటి నుంచి. మురుగునీటి పనికి మన హైదరాబాద్ ముందే దారి చూపింది. 2020 ఆగస్టులో సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ కలిసి నగరంలోని మురుగు శుద్ధి కేంద్రాల నీటిని పరీక్షించి, నెలా ఐదు రోజుల వ్యవధిలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టాయి. సోకినవాళ్ల మలంలో వైరస్ ఆనవాళ్లు అన్నాళ్ల దాకా కనిపిస్తాయి కాబట్టి ఆ లెక్క. అప్పటి అధికారిక కేసుల సంఖ్య దానికి దరిదాపుల్లో లేదు. మురుగులో ఇబ్బంది ఏంటంటే, వేల మంది వైరస్ ముక్కలు కలిసిపోయి ఉంటాయి. ఒక్కో పూర్తి జీనోమ్ విడదీయలేం, ఏ రకాలు ఏ పాళ్లలో ఉన్నాయో లెక్కగట్టడమే.

తర్వాతి వరుస క్లుప్తంగా. 2022 మొదట్లో బీఏ.2, దానికి 69, 70 లోపం లేదు కాబట్టి రమణ గారు చెప్పిన పీసీఆర్ కిటుకు పని చేయలేదు. ఆ ఏడాది మధ్యలో బీఏ.2.75 ముందు మన దేశంలోనే కనిపించింది. ఆ తర్వాత ఎక్స్‌బీబీ, ఇది రెండు ఒమిక్రాన్ రకాలు ఒకే మనిషిలో కలిసి అతుక్కుని పుట్టిన సంకరం. పేరు ఎక్స్‌తో మొదలైందంటే సంకరమని గుర్తు. సుబ్బారావు గారూ, మీరన్న నంబరు ప్లేట్లలో ఇంత సమాచారం ఉంది. 2023 వేసవిలో మన దగ్గర కేసులు పెంచింది దాని సంతానం ఎక్స్‌బీబీ.1.16. డిసెంబరులో కేరళలో జేఎన్.1. 2025 మేలో ఎన్‌బీ.1.8.1, ఎల్‌ఎఫ్.7.

సందేహాల_సుబ్బారావు:
సరేనయ్యా పంతులూ, పేర్ల మీద నా కేసు కొట్టేశారు. ఢిల్లీ ఉత్తర్వు మీద నా కేసు మాత్రం అలాగే ఉంది. మా బావమరిదిని ఆ 14 రోజులూ ఒక సెంటర్‌లో పెట్టి, రోజూ ఉడకని రాజ్మా పెట్టారు. వాడికి ఏ స్ట్రెయినూ లేదు.

రీడింగ్_రమణ:
😂 మా ఇంట్లోవాళ్లకు కనీసం ఇడ్లీ దొరికింది.

కోఠి_వైష్ణవి:
పంతులు సార్, సీతమ్మధార సార్ అడిగింది చూసి నాకు ప్రాజెక్టు ఐడియా వచ్చింది. తెలంగాణ, ఏపీ జీనోములు జీఐఎస్ఏఐడీలో (ప్రపంచ ల్యాబులు జీనోములు పెట్టే డేటాబేస్) తీసుకుని, ఎన్440కె గుంపు ఏ నెల నుంచి తగ్గిందో, డెల్టా ఏ నెలలో పైకి వచ్చిందో గ్రాఫ్ వేద్దామనుకుంటున్న. ఏం జాగ్రత్తలు తీసుకోవాలె?

పైపెట్_పంతులు:
చెయ్యమ్మా, బాగుంటుంది. అప్‌లోడ్ చేసిన తేదీ కాదు, నమూనా తీసిన తేదీ చూడు. మన దేశం జీనోముల్లో ఈ రెండింటికీ మధ్య నెలలు గడిచినవి బోలెడు ఉంటాయి, అప్‌లోడ్ తేదీతో గ్రాఫ్ వేస్తే డెల్టా దసరాకు వచ్చినట్టు కనిపిస్తుంది. తేదీలో నెల మాత్రమే ఉండి రోజు లేనివి విడిగా పెట్టు. ఎన్‌లు మరీ ఎక్కువ ఉన్న జీనోములు తీసెయ్యి, లేకపోతే 440 దగ్గర ఖాళీని ‘మార్పు లేదు’ అని లెక్కేసే ప్రమాదముంది. విమాన ప్రయాణికుల నమూనాలను, ఊళ్లో తీసిన నమూనాలను కలిపేయకు. ఇంకా, శాతాలతో పాటు ప్రతి నెలా మొత్తం ఎన్ని జీనోములున్నాయో కింద అంకె వెయ్యి. పది జీనోముల్లో ఏడు అంటే 70 శాతం అని పెద్దక్షరాలతో రాసేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

సీతమ్మధార_శంకర్:
వైష్ణవీ, గ్రాఫ్ అయ్యాక ఇక్కడ పెట్టమ్మా, మా పిల్లలకు ప్రింటు తీసి చూపిస్తాను. జిల్లాల వారీగా కూడా కుదురుతుందా?

కోఠి_వైష్ణవి:
ట్రై చేస్త సార్. చాలావాటికి రాష్ట్రం పేరు మాత్రమే ఉంది, జిల్లా గడి ఖాళీ. ఉన్నవాటి వరకు వేస్త.